కొత్త బ్యాటరీ

మా పెదనాయన కారు స్టార్ట్ చేశాక ప్రతిసారీ దిగి, వెనక సీటు పక్కనున్న గాలి జాలీ మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఆ హైబ్రిడ్ కారు బ్యాటరీ ఆ సీటు కిందే ఉంటుంది. దానికి గాలి ఆడుతోందా లేదా అని ఆయన భయం. పెద్దమ్మను డయాలసిస్‌కు మార్కాపురం నుంచి ఒంగోలుకు తీసుకుపోయేది ఆ పాత కారే.

ఒకరోజు ఆస్పత్రి నుంచి బయలుదేరగానే బ్యాటరీ లైటు వెలిగింది. దగ్గర్లోనే ఉన్న ఒక మెకానిక్‌కు చూపించాం.

"బ్యాటరీ అయిపోయింది పెద్దాయనా. కొత్తదేస్తే శానా ఏండ్లు చూసుకునే పన్లా. బాగుచేసిన పాతదైతే చౌక, కానీ ఏడాది వస్తే గొప్ప" అన్నాడతను.

వెనక సీట్లో పడుకున్న పెద్దమ్మ కళ్లు తెరవకుండానే అంది: "పాతదే ఎయ్యించు. నాకు ఏడాది చాలు."

"ఏందే ఆ మాట?" అని పెదనాయన గదిమి, మెకానిక్ వైపు తిరిగాడు. "కొత్తదే ఎయ్యి నాయనా."

అంత పాత కారుకు అంత ఖర్చెందుకని తర్వాత నేనే అడిగాను.

"పాతది ఎయ్యిస్తే, మీ పెద్దమ్మ అన్న మాటకు నేను ఒప్పుకున్నట్టే గదరా" అన్నాడు.

పెద్దమ్మ ఆ ఎండాకాలం దాటలేదు.

కారు అమ్మకానికి పెడితే గిద్దలూరు నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు. "బ్యాటరీ ఇంకా ఎన్నాళ్లు వస్తది?" అని అడిగాడు.

"శానా ఏండ్లు..." అని మొదలుపెట్టిన పెదనాయన, మాట మధ్యలోనే ఆపి, వెనక సీటు పక్కనున్న జాలీ మీద అరచెయ్యి ఆనించాడు.