కబడ్డీ మైకు పట్టిన మామ

ఈ ఉదయం మా వెనక వీధి మైదానంలో ఎవరో మైకు కట్టారు. ముందు చెవులు చిల్లులుపడే కీచు శబ్దం, తర్వాత ఉఫ్ ఉఫ్ మని ఊదడం, ఆ తర్వాత "హలో, హలో". కబడ్డీ పోటీలట. నేను దోసె తిప్పడం మరిచి నిలబడిపోయాను, అది కాస్తా మాడింది. కార్ల రేసులో పచ్చదీపం కోసం కాచుకున్నప్పుడు నా గుండె ఎలా కొట్టుకుంటుందో, ఆ కీచు వింటే అలాగే కొట్టుకుంటుంది. కబడ్డీ మైకుకీ కార్ల రేసుకీ ఏమిటి సంబంధం అంటారా? దేవసహాయం మామను మీరు చూడలేదు, అందుకే అలా అడుగుతారు.

ఆయన నాకు చుట్టం కాదు, చిత్తూరులో మా పక్కింటాయన. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పాకాల నుంచి కార్వేటినగరం దాకా కబడ్డీ పోటీ ఎక్కడ జరిగినా మైకు ముందు మాత్రం ఆయనే ఉండాలి. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం మైకు లేకపోయినా నాలుగు వీధులకు వినపడేది. ఆదివారం ఉదయం చర్చిలో వాక్యం చదివినా, మధ్యాహ్నం మైదానంలో కేక పెట్టినా అదే హుషారు.

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. వారమంతా ఎవరి డబ్బాలోనో పులుపెంత, తీపెంత అని చూడటమే పని. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే నా సొంతం. కంప్యూటర్ ముందు స్టీరింగు బిగించుకొని, కాళ్ళ కింద పెడల్స్ పెట్టుకొని, ఆన్‌లైన్ లీగులో కారు తోలుతాను. ఎవరిళ్ళలో వాళ్ళం కూర్చునే పోటీపడతాం. కానీ వెనకనుంచి ఎవడైనా వచ్చి గుద్దితే వచ్చే కోపం మాత్రం రోడ్డు మీద వచ్చేదే. వారమంతా సాధన చేసి, మొదటి మలుపులోనే ఎవడి తొందరకో బలైతే ఒళ్ళు మండిపోతుంది. బల్ల గుద్ది, నాలుగు తిట్లు తిట్టి, రేసు మధ్యలోనే ఆపేసి కుర్చీలోంచి లేచి వెళ్ళేదాన్ని.

అలా బల్ల గుద్దిన ఒక రోజు మామ పరుగున వచ్చాడు.

"ఏం పాపా, ఎవుర్ని కొడతా ఉండావు?"

"నేను కొట్టలేదు మామా, నన్నే కొట్టినారు."

"యాడ?"

తెర చూపించాను. నా కారు గడ్డిలో పల్టీ కొట్టి పడి ఉంది. మామ కళ్ళద్దాలు సర్దుకొని వంగి చూశాడు.

"ఇంక తోలడానికి పనికిరాదా?"

"పిట్‌లోకి పోతే బాగుచేస్తారు. కానీ అందరికన్నా వెనకబడిపోతాను. దేనికి మామా? ఆపేస్తా."

"మా ఆటలో ఔటైనోడు గీత పక్కన కూసుంటాడు పాపా. ఇంటికి పోడు. వాళ్ళ జట్టోడు ఒకడ్ని పట్టినాడంటే మళ్ళా లేసి లోపలికొస్తాడు."

"మాకు జట్టు లేదు కదా. ఎవరికి వాళ్ళే."

"అట్లయితే నువ్వే లేయల్ల," అని నవ్వి, ఇంకో కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. కారు లేవదీశాను. ఆ రోజు ఆఖరున వచ్చాను. మామ మాత్రం కప్పు గెలిచినట్టు చప్పట్లు కొట్టాడు.

మా లీగు నడిపేది తిరుపతి కిరణ్. రేసులు నెట్‌లో అందరికీ చూపిస్తాం కదా, వ్యాఖ్యానం చెప్పేవాళ్ళెవరూ దొరకడం లేదని వాపోతుంటే మామ పేరు చెప్పాను. ఆయన తన ఇంట్లోనే హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చుని చెప్పేవాడు, తోలేవాళ్ళకీ చెవుల్లో వినిపించేది. మొదటి రోజు పెద్ద గందరగోళం. ఒక కారు ఇంకోదాన్ని దాటబోతే "కూతకు పోయినాడప్పా!" అన్నాడు. రెండు కార్లు తగులుకుంటే "కాలు పట్టేసినాడు, ఇడవద్దు, ఇడవద్దు!" అని కేకేశాడు. కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. తర్వాత ఆ మాటలు లేకపోతే రేసు చప్పగా ఉందనడం మొదలుపెట్టారు. ఎవరైనా గుద్దుకొని పిట్‌లో ఆగితే మాత్రం మామ గొంతు మెత్తబడేది. "గీత పక్కన కూసుండాడు. ఎవురూ ఏమీ అనద్దండి. ఊపిరి తీసుకోనీండి," అనేవాడు.

అన్నీ వింటూనే నేను మళ్ళీ రెండు రేసులు మధ్యలో వదిలేశాను. కిరణ్‌కు విసుగొచ్చింది. "అక్కా, ఇంకొక్కసారి మధ్యలో ఇడిసి పోతే నీ సీటు వేరేవాళ్ళకిచ్చేస్తా. కాసుకోనుండేవాళ్ళు శానామంది ఉండారు," అన్నాడు. ఆ సీటు కోసం ఏడాది పాటు చిన్న లీగులో చెమటోడ్చాను. అది పోతే నా ఆదివారం పోయినట్టే.

ఇక ఆ ఏటి ఆఖరి రేసు. మొదటి మలుపులో హోసూరు వినోద్ బ్రేకు వేయడం ఆలస్యం చేసి నేరుగా నా మీదికి వచ్చాడు. నేను గోడకు, వాడు గడ్డిలోకి. నా కళ్ళు ఎర్రబడ్డాయి. మౌసు చేతిలోకి తీసుకొని, బయటికి పోయే బటన్ మీద వేలు పెట్టాను కూడా. అప్పుడు చెవిలో మామ గొంతు: "చిత్తూరు పాప ఔట్! పోలేదప్పా, పోలేదు. పిట్‌లో కూసుంటాది సూడండి!"

నేనింకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు, ఆయనే తీసేసుకున్నాడు. ఊరందరికీ చెప్పేశాక లేచి వెళ్ళడమెలా? కారును కుంటించుకుంటూ పిట్‌కు తెచ్చాను. బాగుచేసేంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఊపిరి నెమ్మదించింది. కారు కదిలింది. "లేసిందప్పా!" అని మామ పెట్టిన కేక గోడ అవతలనుంచీ, చెవుల్లోనుంచీ ఒకేసారి వినిపించింది.

ఇక చూడండి! మిగతావాళ్ళంతా ఎక్కడో ముందున్నారు, నాకు అందేంత దూరంలో ఉన్నది ఒకడే, వాడు వినోదే. వాడూ పిట్‌కు వెళ్ళొచ్చాడు. ల్యాపు ల్యాపుకూ దగ్గరయ్యాను. ఆఖరి ల్యాపులో అదే మలుపు దగ్గర పక్కపక్కకు వచ్చాం. కొంచెం స్టీరింగు తిప్పితే చాలు, బాకీ తీరిపోయేది. తిప్పలేదు. వాడికి చోటు వదిలాను. రెండు కార్లూ రాసుకోకుండా మలుపు తిరిగాయి. అవతల మొదటి స్థానంలో ఉన్నవాడు రేసు ముగించేశాడు. "మామా, గెలిచినోడు వచ్చేసినాడు, ఆడ సెప్పు," అని కిరణ్ అరుస్తున్నాడు. "రానీప్పా! ఈడ సూడు, ఈడ సూడు!" అని మామ. ముగింపు గీత దగ్గర వినోద్ వెంట్రుకవాసి తేడాతో నన్ను దాటాడు. నేను ఆఖరు. సీటు నిలిచింది. నవ్వు ఆగడం లేదు.

మామ హెడ్‌ఫోన్ మెడలో వేలాడుతుండగానే మా ఇంట్లోకి వచ్చేశాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "కడదాకా ఉండావు పాపా," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఎన్నో స్థానమో అడగలేదు.

పోయిన ఏడు మామ పోయాడు. ఆదివారాలు ఇప్పటికీ ఆయన లేక బోసిగానే ఉంటాయి, ఏడుపు వచ్చేంత బోసిగా. నా కోపమేమీ పోలేదు. గుద్దినవాణ్ణి ఇప్పటికీ తిడతాను, మైకు మూసి తిడతాను. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటాను, కారు బాగయ్యాక లేస్తాను. గత ఆదివారం కూడా నన్నెవడో గుద్దాడు, అందరికంటే ఆఖరున వచ్చాను. వ్యాఖ్యానం చెప్పే కొత్త అబ్బాయి అప్పటికే గెలిచినవాడితో మాట్లాడుతున్నాడు. నేను నా మైకు తెరిచి, గొంతు చించుకొని అరిచాను: "చిత్తూరు పాప వచ్చేసిందప్పా!"