ముందర బాగుండె

మొన్న తళవాయిపురం దారిలో నా స్కూటరు టైరు మార్పిద్దామని ఒక షాపు దగ్గర ఆగాను. ఆ మనిషి రెండు చక్రాలనూ తట్టి చూసి, "ముందర మార్చేదా?" అన్నాడు. నేను రెండు చక్రాలనూ మార్చి మార్చి చూశాను. ముందు చక్రం మార్చాలా అంటున్నాడా, మిగతా పనులకన్నా ముందుగా మార్చాలా అంటున్నాడా? ఆ మాట దగ్గర నేనిలా తడబడటానికి కారణం మా మామ.

మా అమ్మకు తమ్ముడైన ఈ మామ, తమిళనాడులో మా తెలుగువాళ్ళ ఊరైన రాజపాళయంలో తమ నూలు మిల్లులోని పాత షెడ్డులో రేసు మోటార్‌సైకిళ్ళ కంపెనీ పెట్టాడు. కంపెనీ అంటే మామ, బండి తోలే ఆయన కొడుకు, అంటే మా బావ, కాలేజీ ముగించి కొత్తగా చేరిన నేను, ఎంత కడిగినా పత్తి వాసన పోని ఆ షెడ్డు. మామూలు బళ్ళకు ముందు చక్రాన్ని రెండు ఫోర్కు గొట్టాలు పట్టుకుంటాయి. బ్రేకు పడగానే అవి కుంగి బండి ముక్కు కిందికి వంగుతుంది. మామ ఆ గొట్టాలే తీసేసి, వెనక చక్రానికి ఉన్నట్టు ముందు చక్రానికీ అల్యూమినియం చేతులు, అంటే స్వింగ్ ఆర్మ్‌లు, పెట్టాడు. ఎంత బ్రేకు వేసినా ముక్కు వంగదు. సగం బతుకు ఆ చేతులకే ఖర్చయింది. పెళ్ళి పంక్తిలో కూడా ఆకు మీద రసంతో వాటి కోణాలు గీసేవాడు. పక్కవాళ్ళు పాయసం వచ్చేదాకా ఓపిగ్గా చూసేవారు.

కోయంబత్తూరు రేసు దగ్గరపడింది. అందులో కొత్త చేతులతో బండి చివరిదాకా పరుగెత్తకపోతే షెడ్డును నూలు మూటలు పెట్టుకోవడానికి వదిలేస్తానని మామ, మిల్లు నడిపే తన అన్నలకు మాట ఇచ్చాడు. సత్రపట్టి దాటాక మూతబడిన మిల్లు ఆవరణలో బావ మొదట పాత ఫోర్కుతో, తర్వాత కొత్త చేతులతో తోలాడు. స్టాప్‌వాచీలో తేడా కనబడలేదు. ఇక బావ మాటే ఆధారం. అతను హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, "ముందర బాగుండె" అన్నాడు.

మామ ముఖం వెలిగిపోయింది. "విన్నావా అప్పా, ముందర బాగుండెనంట!" అని నా వీపు చరిచి, టీ చెప్పడానికి పోయాడు. నాకు మాత్రం అయోమయం. బండి ముందుభాగం బాగుందా? లేక ఇంతకు ముందు, పాత ఫోర్కుతో బాగుందా?

"బావా, తెలిసేట్టు చెప్పు. పోనీ తమిళంలో చెప్పు."

"మున్నాడి నల్లా ఇరుందుచ్చు."

తమిళంలోనూ ఆ మాటకు అవే రెండు అర్థాలు.

"ఇంగ్లీషులో?"

"ఇట్ వాజ్ గుడ్," అన్నాడు బావ. "ఏమిరా ఇంజనీరూ, ఇంకో భాషలో కావల్నా?"

రేసుకు బయలుదేరే ఉదయం వ్యాను తలుపు తీస్తే బండికి పాత ఫోర్కు ఉంది. కొత్త చేతులు గోనెపట్టా చుట్టి మూలన ఉన్నాయి. ఎందుకని అడిగాను.

"వాడే చెప్పినాడు కదప్పా, ముందర బాగుండె అని," అన్నాడు మామ, స్పానరు తుడుచుకుంటూ.

బావ వచ్చి చూసి, ఫోర్కు గొట్టాన్ని బూటుతో తట్టాడు. తర్వాత, "నేను చెప్పింది అంతకు ముందర కాదు నాయనా, బండి ముందర. దీన్ని పీకు," అన్నాడు.

"ఆ పొద్దు కొత్తదాంతో మలుపు తిరిగేటప్పుడు నీ చేతులు బిగుసుకునింది నేను చూసినాను రా."

"చలికి."

"రాజపాళయంలో చలి ఎక్కడిది రా?"

బావ తండ్రి చేతిలోని స్పానరు లాక్కుని, బండి కింద కూర్చున్నాడు. కొత్త చేతులు వాళ్ళిద్దరే బిగించారు. నేను బోల్టులు అందించాను. కోయంబత్తూరులో చాలామంది బావను దాటిపోయారు. అయినా బండి పడకుండా చివరిదాకా పోయింది, షెడ్డు మాకే మిగిలింది.

బావ అసలు ఏ ముందర గురించి అన్నాడో నాకు ఇప్పటికీ తేలలేదు. బహుశా మిల్లు ఆవరణలో దాని అర్థం పాత ఫోర్కు, తన కోసం తండ్రి ఒంటరిగా ఆ ఫోర్కు బిగించాడని తెలిసిన ఉదయం కొత్త చేతులు. మాట మారలేదు, మధ్యలో కొంచెం కాలం గడిచింది, అంతే.