అక్క వీపు గురించి అడగడానికి యలహంక ప్రయాణం

బెంగళూరు ప్రయాణం గురించి రాయమని మీరు కామెంట్లలో చాలాకాలంగా అడుగుతున్నారు. రాస్తున్నాను. కానీ ఇందులో లాల్‌బాగ్ లేదు, మెట్రో లేదు, దోసెల హోటలు లేదు. వాటి కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. చనిపోయిన ఆడవాళ్లకు చివరి స్నానం చేయించడం నేర్చుకోవడానికి హిందూపురం నుంచి యలహంక పోయి, అదే రోజు తిరిగి వచ్చిన సంగతి ఇది. మాలో ఆ స్నానాన్ని గుసుల్ అంటారు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయించాలి. నేర్చుకోవాలని ఉన్న అక్కచెల్లెళ్లు మీలో ఒకరిద్దరైనా ఉంటారు కాబట్టి టైములు, ఖర్చులు కూడా రాస్తాను.

నిజం ముందే చెప్పేస్తే నాకు తేలిక. నేను పుణ్యం కోసం పోలేదు. మా ఫాతిమా అక్కను యలహంకలో ఇచ్చారు. పోయినేడు ఆమెకు పక్షవాతం వచ్చింది, అయిదు నెలలు మంచంలోనే ఉండి కన్నుమూసింది. నేను చేరేసరికి స్నానం అయిపోయి కఫన్ గుడ్డ చుట్టేశారు. ముఖం మాత్రం చూపించారు. నలభయ్యో రోజు ఫాతెహాకు పోతే మా బావ అందరి ముందూ కూర్చుని, "పువ్వుల్లో పెట్టి చూసుకున్నా" అన్నాడు. చుట్టాలంతా తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను హిందూపురంలో ఒక చిన్న ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తాను. మంచం పట్టిన మనిషిని అస్తమానం పక్కకు తిప్పుతూ ఉండకపోతే వీపు మీద, నడుము కింద పుండ్లు పడతాయని నాకు తెలుసు. అక్క వీపు చివరిగా చూసింది ఆమెకు స్నానం చేయించిన హుసేనమ్మ. ఆమె నెలకొక ఆదివారం మసీదు వెనక హాల్లో ఆడవాళ్లకు గుసుల్ నేర్పిస్తుందని తెలిసింది. నేర్చుకునే వంకతో పోవాలి, ఆమె నోటి నుంచి ఒక్క మాట రాబట్టాలి, ఆ మాట తెచ్చి బావ మొహాన కొట్టాలి. ఎనిమిది నెలలుగా నమాజులో నిలబడ్డా నా మనసులో నడుస్తున్నది ఇదే.

ఉదయం అయిదున్నరకు హిందూపురం బస్టాండులో బెంగళూరు బస్సు ఎక్కాను. గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా యలహంకకు దాదాపు రెండున్నర గంటలు, టికెట్టు నూట ముప్పై చిల్లర. కర్ణాటక బస్సుల్లో అక్కడి ఆడవాళ్లకు ఉచితం. మన ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఒక నవ్వు నవ్వి టికెట్టు కొడతాడు, కాబట్టి ఆశపడకండి. రైలైతే ఇంకా చవక, కాకపోతే ఆదివారం పూట నిలబడి పోవడానికి సిద్ధపడాలి. ద్రాక్షతోటలు అయిపోయి ప్లాట్ల బోర్డులు మొదలయ్యాయంటే యలహంక దగ్గరపడినట్టే. ఎనిమిది దాటాక దిగాను.

పాత యలహంక సందుల్లోకి ఆటో అరవై రూపాయలన్నాడు. కన్నడంలో మొదలుపెట్టిన డ్రైవరు నా మాట విని తెలుగులోకి మారాడు. "హుసేనమ్మ ఇంటికా? ఎవురన్నా పోయినారా అక్కా?" అన్నాడు.

"ఎవరూ పోలేదు. ఆమెతో పనుంది."

"ఆయమ్మతో ఇంగేం పనుంటాది అక్కా. సుమ్నే, ఊరికే అడిగితి, తప్పనుకోవద్దు. మా అవ్వకూ ఆయమ్మే చేసింది." దిగేటప్పుడు ఇరవై వెనక్కిచ్చాడు. వద్దంటే వినలేదు.

హుసేనమ్మకు అరవై అయిదేళ్లుంటాయి. వాళ్ల పెద్దవాళ్లు ఎప్పుడో బాగేపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. ఇంటి ముందు గదిలో పొద్దున పదింటి దాకా ఇడ్లీలు అమ్ముతుంది, అదే ఆమె బతుకుదెరువు. గుసుల్‌కు మాత్రం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు, ఆటో చార్జీ కూడా. నేను ఫలానా అని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "తెలిసింది లే. ఫాతిమా కండ్లే నీవి. ముందు తిను."

తినేదాకా ఆగలేకపోయాను. "పెద్దమ్మా, మా అక్క ఒళ్లు ఎట్లా ఉండింది?" అని అడిగేశాను.

"జుట్టు ఎంత ఒత్తుగా ఉండిందప్పా ఆ బిడ్డకు. రెండు పాయలు చేసి గుండెల మీద పెట్టేటప్పుడు నాకే కండ్లు నిండినాయి. ముఖం తేటగా ఉండింది. చేతులు చిన్నపిల్ల చేతుల మాదిరి మెత్తగా ఉండినాయి."

"వీపు?"

ఆమె ఇడ్లీ పాత్ర మూత తీసి చూసింది. మళ్లీ పెట్టింది. "ఇంగొకటి వెయ్యనా?" అంది. ఆ ముసలామె మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బావ ఏమన్నా ఇచ్చి నోరు నొక్కాడేమో అని కూడా అనుకున్నాను, అల్లా క్షమించాలి.

క్లాసు పది గంటలకు మొదలైంది. పన్నెండు మంది దాకా ఉన్నాం. ఎక్కువమంది ఇళ్లల్లో ఉండేవాళ్లు, ఒక నర్సు, హూడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అమ్మాయి. ఫీజు లేదు. వదులు బట్టలు వేసుకుని, గోళ్లు కత్తిరించుకుని రావాలి, అంతే. మేం దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఉర్దూ సరిగ్గా రాదని పెళ్లిళ్లలో ఎన్ని మాటలు పడ్డామో లెక్కలేదు. ఇక్కడా అదే గతి అనుకున్నాను. కానీ హుసేనమ్మ ప్రతి మాటా ఉర్దూలో ఒకసారి చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో ఇంకోసారి చెప్పింది.

హూడి అమ్మాయి బల్ల మీద పడుకుంది. ఆమె మీద దుప్పటి కప్పి హుసేనమ్మ చూపించింది. ఒళ్లు ఒక్క క్షణం కూడా బయటపడకూడదు, చెయ్యి దుప్పటి కిందనుంచే పోవాలి. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. రేగాకులు వేసి కాచిన నీళ్లు మొదట, కర్పూరం కలిపినవి చివర. "నీళ్లు మీ మోచేతి మీద పోసుకుని చూడండి. పోయినామె చెప్పలేదు కదా, కాలుతా ఉండాదని," అంది. తర్వాత ఒక నియమం చెప్పింది. ఒంటి మీద మంచి కనిపిస్తే నలుగురికీ చెప్పొచ్చు. చెడు కనిపిస్తే అది ఆమెతో పాటే మట్టిలోకి పోవాలి. అట్లా దాచినవాళ్ల తప్పులు దేవుడు దాస్తాడు.

నేను ఊరుకోలేదు. "అంటే తప్పు చేసినవాళ్లు హాయిగా తప్పించుకోవాలా?" అన్నాను, అందరూ వినేట్టు.

"ఎవురన్నా కొట్టినట్టు కనిపిస్తే కడిగేదే నిలిపేస్తాను. పోలీసులకు చెప్పేది. రెండుసార్లు చెప్పినా. మిగిలిందంతా పోయినామె సిగ్గు. అది పంచేకి నేనెవురు, అడిగేకి నువ్వెవురు?" గొంతు పెంచలేదు. నేను తల దించుకున్నాను గాని ఒప్పుకోలేదు.

పన్నెండున్నరకు క్లాసు అయిపోయి తిరుగు బస్సు గురించి ఆలోచిస్తుంటే ఆమెకు ఫోను వచ్చింది. రెండు సందుల అవతల ఒక పెద్దావిడ పోయింది. ఎప్పుడూ ఆమెతో వచ్చే మనిషికి జ్వరం. హుసేనమ్మ హాలంతా చూసి, "నువ్వు రా," అని నన్నే పిలిచింది. నర్సు ఉండగా నేనెందుకని అడిగాను. "నీకే అవసరం," అంది.

మధ్యాహ్నం జొహర్ నమాజు చేసుకుని ఒకటిన్నరకు పోయాం. చిన్న ఇల్లు. వంటగది పక్క స్థలంలో బల్ల వేసి నాలుగు పక్కలా చీరలు కట్టారు. బిస్మిల్లా అని మొదలుపెట్టాం. ఆమె తోముతుంటే నేను చెంబుతో నీళ్లు పోశాను. పెద్దావిడ కాలిగోళ్లకు గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. కుడివైపు కడగడానికి ఆమెను ఎడమకు తిప్పినప్పుడు కనిపించింది. నడుము కింద అరచెయ్యంత పుండు. దాని మీద ఎవరో పిల్లలకు పూసే పౌడరు చల్లారు. అంతకు మించి ఏం చెయ్యాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. హుసేనమ్మ నా చెంబు అందుకుని, ధార సన్నగా చేసి, పుండు చుట్టూ మెల్లగా కడిగి దూది పెట్టింది. ఒక్కసారి నా కళ్లలోకి చూసింది.

అప్పుడు వెలిగింది నాకు. పొద్దున జుట్టు గురించి చెప్పింది, ముఖం గురించి చెప్పింది, చేతుల గురించి చెప్పింది. మంచి ఉంటే చెప్పొచ్చనే మనిషి వీపు గురించి చెప్పలేదు. నేను అడిగినదానికి జవాబు ఇడ్లీ తింటున్నప్పుడే ఇచ్చేసింది. ఏడవడానికి వీల్లేదు, నీళ్లు చల్లారిపోతాయి. పోస్తూనే ఉన్నాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మా అక్క పుండును కూడా ఇంత మెల్లగా కడిగిందని తెలిసి, ఆ కాసేపు, ఎనిమిది నెలల్లో మొదటిసారి ఛాతీ మీద బరువు కొంచెం దిగింది. ఊరట అంటే అంతే దొరికింది, ఎక్కువ చేసి చెప్పను.

కఫన్ చుట్టి బయటికి వస్తుంటే ఒకామె పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. పోయినావిడ కూతురు. ఆనేకల్ నుంచి బస్సులు మారి వచ్చేసరికి ఆలస్యమైంది. "అక్కా, మీరే కదా చేసింది. మా అమ్మ ఒళ్లు ఎట్లుండింది? సరిగ్గా చూసుకున్నారా వీళ్లు?" అని వంటింటి గడప దగ్గరున్న వదిన వైపు చూసింది. ఆ వదిన పొద్దున ఆరింటికి హౌస్‌కీపింగ్ పనికి పోయి రాత్రికి వచ్చే మనిషని హుసేనమ్మ దారిలోనే చెప్పింది. ఆ కూతురి కళ్లలో ఉన్నదేమిటో నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. నేను మా బావను చూసిన చూపే అది.

"ముఖం ప్రశాంతంగా ఉండిందమ్మా. కాళ్లు శుభ్రంగా ఉండినాయి. గోరింటాకు ఎర్రగా పండింది," అన్నాను. ఆమె ఇంకేదో వింటానని నిలబడింది. నేను చెప్పలేదు. చెయ్యి వదిలేసి లోపలికి పోయింది. మంచి పని చేశానో అన్యాయం చేశానో ఇప్పటికీ నాకు తెలియదు.

మా బావ ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక. "పోయివస్తావా?" అని హుసేనమ్మ అడిగింది. లేదన్నాను. నాలుగున్నరకు బస్సు దొరికింది, ఏడింటికి హిందూపురంలో దిగాను. పోను రాను బస్సులు, ఆటోలు కలిపి మూడు వందల యాభైకి మించలేదు.

బావను క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది. అతను అక్కను పక్కకు తిప్పలేదు, అది అతని పాపం, దేవుడి దగ్గర చెప్పుకుంటాడు. కానీ అక్క మంచంలో ఉన్న అయిదు నెలల్లో నేను రెండుసార్లు పోయాను. రెండుసార్లూ మంచం పక్కన కుర్చీ వేయించుకుని, అరగంట కూర్చుని, టీ తాగి వచ్చాను. ఆ ఇంట్లోకి వచ్చినవాళ్లందరిలో అట్లా పుండ్లు పడతాయని తెలిసిందాన్ని నేనొక్కదాన్నే. దుప్పటి ఎత్తి చూడలేదు. చూస్తే ఉండిపోవాల్సి వస్తుందని భయపడ్డాను. నోట మాట ఉంటే అక్క ఉండమని అడిగేదే, పాపం ఆమెకు మాట కూడా పడిపోయింది. ఇప్పుడు నెలకోసారి యలహంక పోతున్నాను, పిలిస్తే మధ్యలో కూడా పోతాను. నీళ్లు పోస్తున్నంతసేపూ నా బతుక్కి ఒక పని ఉందనిపిస్తుంది. బస్సెక్కగానే మళ్లీ అక్క గుర్తొస్తుంది, ఆ చేదు అట్లాగే ఉంటుంది.

మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మంచం పట్టినవాళ్లను చూడ్డానికి పోతే కుర్చీ వేయించుకోకండి. చేతులు కడుక్కుని, మనిషిని మెల్లగా పక్కకు తిప్పి, వీపు చూడండి.