నిన్న టీవీ ఎవరితో చూశారు?

పెద్దమ్మ పోయిందని అన్నయ్య ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు, తమిళంలో. మలయ్ దేశపు జార్జ్ టౌన్‌లో మా ఆఫీసు మెట్ల మీద నిలబడి రెండుసార్లు విన్నాను. ఆవిడ కన్నకొడుకే అయినా అన్నయ్యకి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. నాకు కాస్త తిరుగుతుందంటే పెద్దమ్మ చలవే.

సుంగై సిపుట్ ఊళ్ళో ఆవిడ ఇంట్లో టీవీ ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలుండేవి. ఎస్టేట్‌లో రబ్బరు పాలు తీసిన పెదనాన్నకి మలయ్ భాష అంతంతమాత్రం. సాయంత్రం వార్తలు వస్తుంటే పెద్దమ్మ ఆయన వైపు తిరిగి ఒక్కో ముక్కా తెలుగులో చెప్పేది. ధర పెరిగిందన్న వార్తయితే ఓ తిట్టు కూడా కలిపేది. నొక్కి చెప్పాలంటే మాట చివర ఇక్కడివాళ్ళలాగే ఓ 'లా' తగిలించేది. ఆయన పోయాక కూడా మానలేదు. ఖాళీ కుర్చీ వైపు తిరిగి అలాగే చెప్పేది, మధ్యలో ఆగేది, ఏదో విన్నట్టు తలూపేది. నాకు ఒళ్ళు జలదరించేది. అమ్మ కోప్పడితే, "మనిసి పోతే మాట పోతాదేటి?" అనేది. నాకొచ్చిన తెలుగంతా గోడకి ఆనుకుని అలా విన్నదే. నాకు చెప్పినది కాదు, ఆయనకి చెబుతుంటే నా చెవిన పడింది.

కాలేజీలో ఒకసారి, నార్వే జనం తీరిక వేళల్లో ఏం చూస్తారో, ఏం చదువుతారో లెక్కగట్టిన పట్టికలు పాఠంగా వచ్చాయి. అలాంటి ప్రశ్నలతోనే ఎవరినైనా అడిగి రమ్మన్నారు మా సార్. నేను కాగితం పట్టుకుని పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఈ ఏడు నాటకం ఏదేనా సూసినావా?"

"మీ అమ్మ వచ్చినప్పుడల్లా నాటకమే లా!"

"పుస్తకం సదివినావా?"

"పంచాంగం లెక్కలోకి వస్తాదా?"

"రాదు."

"అయితే నేదు."

"నిన్న టీవీ సూసినావా?"

"సూసినాం."

"ఎవరితో?"

"ఇంకెవరితోనే? మీ పెదనానతో."

నేను 'ఒంటరిగా' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఏం రాశావని అడిగితే ఉన్నమాటే చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఒక్కదాన్నని రాసినావా? మార్సు."

సరేనన్నాను. మార్చలేదు. పోయినవాళ్ళని లెక్కలో ఎలా వేస్తాం అనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా, కాఫీ చేతికిస్తూ, "మార్సినావా?" అని అడిగేది. మార్చానని అబద్ధమాడేదాన్ని. "మంచిది లా," అనేది, నిజంగానే సంతోషపడి. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పెద్దకర్మ అయిన సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయారు. అన్నయ్య వాళ్ళని దిగబెట్టడానికి కారు తీశాడు. ఇంటి నిశ్శబ్దం భరించలేక టీవీ పెట్టాను. రెండు కుర్చీల్లో దేనిలోనూ కూర్చోబుద్ధి కాలేదు. ఎప్పటిలాగే కింద, గోడకి ఆనుకున్నాను. ఎక్కడో వరదలని మలయ్‌లో చెబుతున్నారు. వాగుని ఆవిడ గెడ్డ అనేది. "గెడ్డ పొంగినాది," అని నా నోటంట వచ్చింది. నేను ఆ మాట అంతకుముందు ఎప్పుడూ పలకలేదు. ఆగాను. తర్వాతి ముక్క కూడా చెప్పాను, తడుముకుంటూ.

ఎప్పుడు వచ్చాడో, అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్కదానివే ఉన్నావా అని తమిళంలో అడిగాడు.

కుర్చీలు రెండూ టీవీ వైపే తిరిగి ఉన్నాయి.

"నేదు," అన్నాను.