తిరుపాలమ్మ జబ్బుకు పేరు

సీతారామపురానికి అవతల, కొండ కింద, పదిహేను ఇళ్ల పల్లె ఒకటి ఉండేది. పల్లెకు ఎగువన చెరువు. చెరువు అలుగు దాటాక ఒక గుడిసె, దానికి తోడు మరో గుడిసె లేదు. తిరుపాలమ్మ అందులో ఆరేళ్లు ఉంది. ఆమె పని కిత్తనార తీసి తాళ్లు పేనడం.

కిత్తలి మట్టలను కట్టలు కట్టి, పైన రాళ్లు పెట్టి చెరువు నీళ్లలో ముంచాలి. మూడు వారాలకు అవి కుళ్లి కంపు కొడతాయి. మోకాటి లోతు నీళ్లలో నిలబడి వాటిని బండ మీద బాది, కడిగి, నార విడదీయాలి. చేతులు దురద పెడతాయి. ఆ పని ఆ చుట్టుపక్కల ఎవరికీ ఇష్టం ఉండదు. తిరుపాలమ్మ దాన్ని కోరి ఎంచుకుంది. రోజంతా తడిలో, రోజంతా కంపులో చేసే పని. తన తడి ఆ తడిలోనూ, తన వాసన ఆ వాసనలోనూ కలిసిపోతాయి.

ఆమెకు పదిహేడేళ్లప్పుడు, 1948లో, తొలికాన్పు వచ్చింది. నొప్పులు నాలుగు రోజులు ఆడాయి. బిడ్డ తల కిందికి దిగి అక్కడే చిక్కుకుంది. మంత్రసాని అవ్వ చేతనైనదంతా చేసింది. అయిదో రోజు పొద్దున బిడ్డ బయటికి వచ్చింది, ప్రాణం లేదు. తల్లి బతికిందని అందరూ సంతోషించారు.

వారం తిరిగేసరికి తడి మొదలైంది. లేస్తే, కూచుంటే, పడుకుంటే, ధారగా కాదు, చుక్కచుక్కగా, ఆగకుండా. పదకొండో రోజు పురిటి నీళ్లు పోసి ఆమెను ఇంట్లోకి తీసుకోవాలి. అత్త వచ్చి పక్క చూసి, "ఇంకా తడి ఆగలా. ఆగినాక పోద్దాం" అంది.

అది కాన్పు తడి కాదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, తిరుపాలమ్మకూ తెలియదు. ఆగుతుందని అందరూ ఎదురుచూశారు. ఇరవై ఒకటో రోజు చూశారు, నెలకు చూశారు, మూడో నెలకు చూడటం మానేశారు. పురిటి కోసం దొడ్లో వేసిన చుట్టుగుడిసెలోనే ఆమె ఉండిపోయింది. అన్నం గడప దగ్గర పెట్టేవాళ్లు. ఏడాదికి మొగుడు మాలకొండయ్య రెండో పెళ్లి చేసుకున్నాడు. కొత్త కోడలికి కాన్పు దగ్గరపడేసరికి చుట్టుగుడిసె అవసరమైంది. తిరుపాలమ్మ తన చాప చుట్టుకుని అలుగు దిగువకు వెళ్లింది. ఎవరూ ఆమెను వెళ్లగొట్టలేదు. లోపలికి పిలవలేదు, అంతే.

పాత గుడ్డలు మడతలు పెట్టుకోవడం, వాటిని బూడిద నీళ్లలో ఉతికి ముళ్లకంప మీద ఆరేసుకోవడం, నీళ్లు తక్కువ తాగడం, ఇవి తనకు తానే నేర్చుకున్న వైద్యం. తొడలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉండేవి. తాళ్లు మాత్రం బాగా పేనేది. మూడు పాయలకూ ఒకే బిగువు, ఎక్కడా నార పీచు లేవదు. వాటిని రోశయ్య అనే ఆయన తీసుకుపోయి కలిగిరి, ఆత్మకూరు సంతల్లో అమ్మేవాడు. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, ఆ పక్కన నిలబడి మాట్లాడేవాడు. మనిషి మంచివాడే.

1956 ఎండాకాలంలో రోశయ్య వచ్చి, ఎప్పటిలా తాళ్లు ఎత్తుకోకుండా నిలబడిపోయాడు.

"తిరుపాలా, ఆత్మకూరు ఆసుపత్రి బావికి నీ మోకు ఇచ్చినాను గదా. ఆడ నర్సమ్మ ఒకామె, రామసుబ్బమ్మంట, మోకు పట్టి చూసి ఎవురు పేనినారని అడిగింది. నీ సంగతి చెప్పినాను."

"నా సంగతేంది చెప్పేది?"

"ఇట్టా తడుస్తా ఉంటది, ఊరవతల ఉంటదని. కాన్పు అయినాక వచ్చిందా అని అడిగింది. అవునన్నా. నొప్పులు ఎన్ని దినాలని అడిగింది. అదంతా నాకేం తెలుసు, మొగోణ్ణి. పంపించమనింది. బాగవతాదంట."

"బాగవతాదనిందా, బాగవచ్చునేమో అనిందా?"

రోశయ్య తాళ్ల కట్ట ఎత్తుకున్నాడు. "చూస్తే గానీ చెప్పలేననింది."

తిరుపాలమ్మకు ఆ మాట నచ్చింది. బాగవుతుందని చెప్పినవాళ్లను ఆమె మొదటి రెండేళ్లలో చాలామందిని చూసింది. తాయెత్తు కట్టినవాళ్లు, పసరు పోసినవాళ్లు అందరూ చూడకముందే చెప్పారు.

బస్సులో పదిమంది మధ్య కూచోవడం కుదరని పని. ఆమె నడిచింది. ఉదయగిరి మీదుగా అయిదు రోజులు, చెరువు కనబడిన చోటల్లా గుడ్డలు ఉతుక్కుంటూ.

ఆసుపత్రి వరండాలో రామసుబ్బమ్మ ఆమెకు ఎదురుగా స్టూలు వేసుకుని కూచుంది. వెనక్కి జరగలేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. తిరుపాలమ్మ అది కనిపెట్టింది.

"పొద్దుకి నీళ్లు ఎన్ని తాగతావు?"

"చెంబుడు గూడా తాగను తల్లీ. తాగితే ఎక్కువ పోతాది."

"తాగకపోతే మూత్రం చిక్కబడి ఒళ్లంతా కాల్చేస్తాది. నీ తొడలు అట్టయింది అందుకే. ఈ పొద్దు నించి అరకడవ తాగాల."

"పక్క తడుస్తాది."

"తడవనీ. ఉతికేదానికి మనుషులుండారు."

నెల్లూరు నుంచి నెలకోసారి ఆపరేషన్లు చేయడానికి డాక్టరమ్మ ఒకామె వచ్చేది. ఆమె మాట్లాడేది తక్కువ. మూత్రసంచిలోకి సన్నని గొట్టంతో నీలిరంగు నీళ్లు ఎక్కించి, బిడ్డ వచ్చే దారిలో మూడు దూది ఉండలు వరసగా పెట్టింది. కాసేపాగి తీస్తే నడిమి ఉండకు నీలం అంటింది. ఆ ఉండను తిరుపాలమ్మ కళ్ల ముందు పట్టుకుని, "ఇక్కడ ఉంది బొక్క" అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

తిరుపాలమ్మ నీలం దూదిని చూస్తూ ఉండిపోయింది. ఎనిమిదేళ్లుగా ఆమె దాన్ని శాపం అనుకుంది, మైల అనుకుంది. అది రూపాయి బిళ్లంత కూడా లేని చిల్లు.

"దీనికి పేరుండాదా నర్సమ్మా?"

"ఉండాది. వెసికో వజైనల్ ఫిస్టులా. వెసికో అంటే మూత్రం సంచి. వజైనా అంటే బిడ్డ వచ్చే దోవ. ఫిస్టులా అంటే ఉండగూడని తావున పడిన దోవ. బిడ్డ తల నాలుగు దినాలు ఆడనే నొక్కి పెట్టింది. నెత్తురాడక ఆ కండ చచ్చి రాలిపోయింది. అంతే."

"ఎవురు పెట్టినారు ఆ పేరు?"

"యాడనో దేశాల్లో డాక్టర్లు పెట్టినారు. పుస్తకాల్లో ఉండాది."

"నన్ను చూడకుండానే?"

రామసుబ్బమ్మ నవ్వింది. "నీ మాదిరి ఎంతమందినో చూసినారమే. ఒక్కదానికే వస్తే పేరెందుకు పెడతారు?"

తిరుపాలమ్మ ఆ మధ్యాహ్నమంతా గోడవైపు తిరిగి పడుకుంది. యాడనో దేశాల్లో, ఏదో ఏరు పక్కన, ఏదో గుడిసెలో, గుడ్డలు ఆరేసుకుంటున్న ఆడవాళ్లు ఆమెకు కనబడ్డారు. వాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలియదు. మాటలు తెలియవు. వాళ్లు తనతో మాట్లాడలేరు. అయినా వాళ్లున్నారు.

వార్డులో ఆమెను చూడటానికి ఎవరూ రాలేదు. పక్క మంచాలకు అన్నం క్యారియర్లు వచ్చేవి, అత్తలు వచ్చేవాళ్లు, తగాదాలు జరిగేవి. ఏమీ తోచక ఆమె మంచానికో పేరు నేర్చుకుంది. కిటికీ పక్క అమ్మాయికి ఎక్లాంప్సియా. తమ పల్లెలో గుర్రపువాతం అనేదే అది, కాన్పు ముందు ఒళ్లు వాచి కొట్టుకోవడం. తలుపు దగ్గరామెకు ప్లాసెంటా ప్రివియా. మాయ వచ్చి దారికి అడ్డంగా కూచుంటే నొప్పి లేకుండానే నెత్తురు పోతుంది. నడివయసు ఆమెకు ప్రొలాప్స్, గర్భసంచి కిందికి జారడం. పల్లెలో ఇవన్నీ గుసగుసగా, సగం మాటతో, తల తిప్పుకుని చెప్పుకునేవాళ్లు. ఇక్కడ సొరకాయ, బీరకాయ అన్నంత మామూలుగా చెబుతున్నారు.

ఆపరేషన్ ముందురోజు డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. "పాత గాయం. అంచులు గట్టిపడ్డాయి. అతకొచ్చు, అతక్కపోవచ్చు. ఒప్పుకుంటావా?"

"ఒక మాట అడగచ్చా తల్లీ? అంచుకు అంచు ఆనించి కుడతారా, ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుడతారా?"

డాక్టరమ్మ చేతిలోని కాగితం దించింది. "ఎందుకడిగావు?"

"తాడు అతికేటప్పుడు కొసకు కొస పెడితే నిలవదు. జానెడు విప్పి, పాయలు ఒకదాంట్లో ఒకటి దూర్చాల. అతుకు మీద లాగుడు పడగూడదు."

"రెండు పొరలూ విడదీసి, దేనికది కుడతాను. ఒక కుట్టు మీద ఇంకో కుట్టు రాదు. లాగుడు పడదు."

"అయితే చెయ్యండి."

వెన్నులో సూది వేశారు. నడుము కింద ఒళ్లు తనది కాకుండా పోయింది. గుడ్డ అడ్డం అవతల కత్తెర చప్పుడు, పళ్లెంలో ఇనుము పెట్టే చప్పుడు, డాక్టరమ్మ గొంతు. దారం అంది, ముడి అంది, కత్తిరించు అంది. మధ్యలో కబుర్లు లేవు. తిరుపాలమ్మ ముడులు లెక్కపెట్టింది. పంతొమ్మిది. ఒకటి నచ్చక డాక్టరమ్మ విప్పి మళ్లీ వేసింది. అప్పుడు ఆమెకు ధైర్యం వచ్చింది.

తర్వాత పద్నాలుగు రోజులు కదలకుండా పడుకోవాలి. రబ్బరు గొట్టం నుంచి సీసాలోకి చుక్కలు పడుతూ ఉండాలి. దాన్ని కాథెటర్ అంటారు. చుక్క ఆగితే సంచి నిండి కుట్లు తెగుతాయి. తెగితే మళ్లీ అలుగు దిగువ గుడిసె. సీసా మంచం కింద ఉండేది, కనబడదు. ఆమె చుక్క చప్పుడు వింటూ పడుకునేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చప్పుడు ఆగింది. నర్సమ్మ కాన్పు గదిలో ఉంది. ఆయాను పిలిస్తే, "పడతాదిలేమ్మా, ఊరికే గాబరా పడతావు" అని తుడుపు కర్రతో వెళ్లిపోయింది. తిరుపాలమ్మ పైకి లేవకుండా చెయ్యి మాత్రం దించి, గొట్టాన్ని వేళ్లతో తొడ దగ్గర నుంచి తడుముతూ వచ్చింది. పక్క అంచు దగ్గర దొరికింది. పక్కగుడ్డ మార్చినప్పుడు గొట్టం మెలిపడింది. ఏ వైపు పురి ఎక్కిందో వేలికి తెలిసింది. దానికి ఎదురు తిప్పి, ఒకటిన్నర చుట్టు వదిలింది.

కింద టప్పుమని పడింది. తర్వాత ఇంకొకటి. ఆమె చెయ్యి మంచం అంచునే ఉంచుకుని, సాయంత్రం దాకా వింటూ ఉంది.

పద్నాలుగో రోజు రామసుబ్బమ్మ గొట్టం తీసేసి, పొడి గుడ్డ పరిచి, "ఇంక చూద్దాం" అంది. గంట గడిచింది. తిరుపాలమ్మ కిందికి చెయ్యి పెట్టి చూసుకుంది. పొడి. మళ్లీ చూసుకుంది. పొత్తికడుపులో ఏదో బరువు మొదలైంది. అది పెరిగింది, గుచ్చింది. ఆమెకు చెమటలు పట్టాయి.

"నర్సమ్మా, లోపల ఏందో అవతా ఉండాది. కుట్లు తెగతా ఉండాయి."

రామసుబ్బమ్మ కడుపు మీద చెయ్యి ఆనించి చూసి, మంచం మీద కూచుంది. "తెగేది కాదు. ఒంటికి వస్తా ఉండాది నీకు. మరిచిపోయినావా?"

మరిచిపోయింది. ఎనిమిదేళ్లయింది.

మూడు వారాల తర్వాత పంపించేటప్పుడు రామసుబ్బమ్మ జాగ్రత్తలు చెప్పింది. మూడు నెలలు బరువులెత్తకూడదు, నీళ్లలో నిలబడకూడదు. "మళ్లీ కడుపైతే మాత్రం ఇంటికాడ కాన్పు వద్దు. సిజేరియనే. నేరుగా ఈడికే రావాల."

"నాకెవురుండారమ్మా కడుపయ్యేదానికి."

రామసుబ్బమ్మ జబ్బు పేరు ఒక చీటీ మీద తెలుగు అక్షరాలతో రాసి ఇచ్చింది. "నీ మాదిరి ఇంకెవురన్నా కనబడితే చెప్పు" అంది.

ఉదయగిరి బస్సు కిక్కిరిసి ఉంది. తిరుపాలమ్మకు కిటికీ పక్క చోటు దొరికింది. పక్కన ఎవరో లావుపాటి మనిషి ఒరుసుకుని కూచుంది, ముఖం తిప్పుకోలేదు. ఎవరూ గాలి చూసుకోలేదు. ఎవరూ ఆమెను గమనించలేదు. కొంతదూరం పోయాక ఒక పడుచు తల్లి చంకలో పిల్లతో ఎక్కి, నిలబడటానికి చోటు లేక, "పిన్నమ్మా, కాసేపు పట్టుకో" అని పిల్లను ఆమె ఒళ్లో పెట్టేసింది. ఏడాది నిండని ఆడపిల్ల. కాసేపు గాజులు లాగి, నిద్రపోయింది.

చాలాసేపటికి తొడల మీద వెచ్చగా తడి తగిలింది.

తిరుపాలమ్మకు పంతొమ్మిది ముడులూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కదల్లేదు. పిల్లను రెండు చేతులతో కొంచెం పైకెత్తి చూసింది. పిల్ల పావడా కింద నుంచి చుక్కలు జారుతున్నాయి.

తల్లి చూసి నొచ్చుకుంది. "అయ్యో, పోసేసినాదే. కోకంతా తడిపేసింది. ఇట్టివ్వు పిన్నమ్మా."

"ఉండనీ" అంది తిరుపాలమ్మ. "అది పోసిందే గదా."

పిల్లను మళ్లీ ఒళ్లోనే పడుకోబెట్టుకుంది. తల్లి ఉదయగిరికి ముందే ఏదో ఊరి దగ్గర పిల్లను తీసుకుని దిగిపోయింది. ఏ ఊరో అడగలేదు, పేరు అడగలేదు. బస్సు కదిలింది. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. కోక మీద తడి మచ్చ అంచుల నుంచి తగ్గుతూ వచ్చి, ఉదయగిరి చేరేసరికి ఆరిపోయింది.