పిన్ను తీసిన సీటు

సూర్యాపేటలో ఒక కాలేజీ వాళ్లు యుద్ధ విమానాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వైమానిక దళంలో పైలట్ సీట్ల మెకానిక్‌గా చేసి, రిటైరై, కోదాడలో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నవాడికి మైకు దొరకడమే ఎక్కువ. మా అమ్మాయి ఇప్పుడు అదే దళంలో పైలట్. త్వరలో కొత్తరకం ఫైటర్ ఎక్కబోతోంది. నా మొహం చూసి కాదు, ఆమె పేరు చూసి పిలిచారని తెలుసు. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లాను.

మైకు దొరికితే నా నోరు ఆగదు. మొదట్లో విమానాలు బుద్ధిమంతులని చెప్పాను. కాస్త అటూ ఇటూ ఊగినా, వదిలేస్తే తమంతట తామే దారికొచ్చేవి. తర్వాత వేగం కావాలని రెక్కలను వెనక్కి వంచారు, పలచన చేశారు. నేను పనిచేసిన పాత ఫైటర్ అలాంటిదే. దిగేటప్పుడు వేగం తగ్గిస్తే ఆ చిన్న రెక్కలు మోయవు, అందుకని రన్‌వే మీదికి దూసుకొచ్చేది. ఇప్పటివి ఇంకో రకం. చటుక్కున తిరగాలని కావాలనే నిలకడ లేకుండా కడతారు. కంప్యూటర్ క్షణక్షణం సరిదిద్దుతుంటేనే గాల్లో నిలబడతాయి, లేకపోతే మనిషి చేతిలో ఆగవు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఉబ్బిపోయాను. ముందు వరుసలో కూర్చున్న మా ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

తిరుగు బస్సులో మునగాల దాటేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"బిడ్డ ఎక్కేది గదేనా? తనంతట తాను నిలబడనిదేనా?" అంది.

అదేనన్నాను.

"మరి నాతోని కొత్తది, మంచిది, ఏం భయం లేదంటివి గదా."

ఒక కంప్యూటర్ ఆగితే ఇంకోటి అందుకుంటుందని చెప్పాను. నా రోజుల్లో సీటు పైలట్‌ను బయటికి విసిరి కాపాడాలంటే విమానం కొంత ఎత్తులో ఉండాల్సి వచ్చేదని, ఇప్పుడు నేల మీద ఆగి ఉన్నా పనిచేస్తుందని చెప్పాను. అన్నీ నిజాలే. కానీ నా గొంతు నాకే నచ్చలేదు. నేను దగ్గరుండి పంపిన ఒక పైలట్ తిరిగి రాలేదు. సీటు తప్పు కాదని తేలింది. తేలినా చాలా ఏళ్లు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

సీటును పైకి విసిరే మందుగుండు నేల మీద పొరపాటున పేలకుండా దానికి పిన్నులుంటాయి, ఎర్ర రిబ్బన్లతో. పైలట్ కూర్చున్నాక మెకానిక్ వాటిని తీసి పైకెత్తి చూపిస్తాడు. పైలట్ చూసి బొటనవేలు ఎత్తుతాడు. చిరిగిపోయి పారేయబోయిన రిబ్బన్ ముక్కొకటి అడిగి తెచ్చుకుని నా స్కూటర్ తాళంచెవికి కట్టుకున్నాను. అమ్మాయి చిన్నప్పుడు బడికి వెళ్తూ గేటు దగ్గర సైకిల్ ఆపేది. నేను ఆ రిబ్బన్ ఎత్తి చూపిస్తే బొటనవేలు చూపించి తొక్కేది. ట్రైనింగ్‌కు వెళ్లిన రోజు కూడా అంతే.

ఆ తర్వాత కొన్నాళ్లకే అమ్మాయి సెలవు మీద వచ్చింది. సామాన్లు మోసే పెద్ద విమానాలకు మారమని తల్లి బతిమాలింది. మిర్యాలగూడలో ఉన్న తన అన్నతో ఫోన్లో చెప్పించింది. అమ్మాయి అన్నీ విని, చివరికి నా వైపు తిరిగింది.

"డాడీ, నువ్వు చెప్పు. పోవద్దంటవా?"

నీ ఇష్టం బిడ్డా అని తప్పించుకున్నాను. ఆమె అడిగింది అది కాదని నాకు తెలుసు.

ఆమె వెళ్లేనాటి పొద్దున వంటింట్లో మా ఆవిడ, ఆ పిన్ను తీయకుండా అట్లనే ఉంచితే బాగుండునని గొణిగింది. ఉంచితే నేల మీద మాత్రమే క్షేమమని, గాల్లో ఏదన్నా అయితే బిడ్డ బయటికి రావడం కుదరదని చెప్పాను.

కోదాడ బస్టాండులో అమ్మాయి హైదరాబాద్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నా మొహం చూసింది, తర్వాత నా చేతి వైపు చూసింది. తాళంచెవి జేబులోనే ఉంది. గట్టిగా పట్టుకున్నాను. అది చూపించడమంటే, నా పని నేను చూసుకున్నాను, ఇక నువ్వు వెళ్లొచ్చని మాటివ్వడం. నేను చెయ్యి పెట్టని సీటుకు, నేను ఎరగని విమానానికి ఎట్లా మాటిస్తాను? అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయమేసింది, అంతే.

బస్సు కదిలింది. మా ఆవిడ నా జేబులో చెయ్యి పెట్టి, వేళ్లు విడదీసి తాళంచెవి లాక్కుంది. ఎర్ర రిబ్బన్ తలపైకెత్తి పట్టుకుంది. అమ్మాయి కిటికీలోంచి చెయ్యి చాపి బొటనవేలు చూపించింది.

బస్సు మలుపు తిరిగాక కూడా మా ఆవిడ చెయ్యి దించలేదు. నువ్వెందుకు చూపించావని అడిగాను.

"తీయకుంటే బిడ్డ ఎట్ల బయటికొస్తది మరి," అంది ఏడుస్తూ.