రెండుసార్లే కడిగిన గొట్టం

విడవలూరు దాపున, సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో ప్రేమలీలను అందరూ ల్యాబమ్మ అనేవాళ్లు. ఆమెకు ముక్కు మీదే కోపం. తొందరపెడితే మరీను. నర్సులు ఫలితం అడగాలంటే గుమ్మం బయటే నిలబడేవాళ్లు. వేలూరులో రక్తపరీక్షల పని నేర్చుకుని ఆ కొలువులో చేరాక, నోటితో చెప్పిన ఫలితాన్ని ఆమె వెనక్కి తీసుకున్నది ఒక్కసారే. అది 1964లో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా జరిగింది.

ఆ రోజు పొద్దున సముద్రపొడ్డు పాళెం నుంచి కామమ్మను ఎద్దులబండి మీద తెచ్చారు. మూడో కాన్పు. రెండో బిడ్డలాగే ఈ బిడ్డా కడుపులోనే పోయింది. బిడ్డను తీశాక కూడా రక్తం కారడం ఆగలేదు. డాక్టర్ జ్ఞానప్రకాశం గారు సెలైన్ ఎక్కిస్తూ, రక్తం త్వరగా కావాలని కబురు చేశారు.

కావలసింది ఏదో ఒక రక్తం కాదు. మనలో నూటికి తొంభైమందికి పైగా ఎర్రకణాల పైపొరలో డి అనే ప్రొటీను ఉంటుంది. కామమ్మకు అది లేదు. బిడ్డలకు తండ్రి వైపు నుంచి వచ్చింది. మొదటి కాన్పులో ఆ బిడ్డ రక్తం కాస్త తనలో కలిసేసరికి, ఆమె ఒళ్లు దాన్ని పగవాడిగా పోల్చుకుని విరుగుడు తయారుచేసి పెట్టుకుంది. తరువాతి బిడ్డలు పోయింది ఆ విరుగుడు వల్లే. ఇప్పుడు డి ఉన్న రక్తం ఎక్కిస్తే ఆ కణాలన్నీ లోపలే పగిలిపోతాయి. మిగిలిన కాస్త ప్రాణమూ పోతుంది.

బండి వెంట వచ్చిన మగవాళ్లు తొమ్మిదిమంది చొక్కా చేతులు పైకి మడిచి నిలబడ్డారు. ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. ప్రేమలీలా అడగలేదు, తనూ ఆడదై ఉండి. పింగాణీ పలక మీద ఒక్కొక్కరి రక్తపుచుక్కలో, డి ఉన్న కణాలను గడ్డకట్టించే డి సీరం కలిపి ఊపింది. ఎనిమిది చుక్కలు విరిగిన పాలలా గడ్డలు కట్టాయి. కామమ్మ అన్న చిన్నపోలయ్య చుక్క మాత్రం నున్నగా ఉండిపోయింది. గ్రూపు కూడా చెల్లెలిదే, ఓ.

అయితే డి అందరికీ ఒకే లెక్కలో ఉండదు. కొందరికి కణం నిండా ఉంటుంది. కొందరికి ఎక్కడో కాస్త ఉంటుంది, అది పలక మీద కనబడదు. దాన్ని పట్టుకోవాలంటే కణాలను డి సీరంలో అరగంట వెచ్చగా ఉంచి, ఉప్పునీళ్లతో మూడుసార్లు కడిగి, కూంబ్స్ సీరం అనే మరో మందు రెండు చుక్కలు వేయాలి. డి కాస్త ఉన్నా అప్పుడు గడ్డకడుతుంది. కడగడంలో లోపం జరిగితే మిగిలిపోయిన డి సీరం ఆ మందును మింగేస్తుంది, ఉన్న డి కూడా లేనట్టే కనబడుతుంది. మద్రాసు నుంచి తెప్పించిన ఆ మందు కిరోసిన్ ఫ్రిజ్జులో మూడు పరీక్షలకు సరిపడా ఉంది.

ప్రేమలీల అరగంట వెచ్చబెట్టిన పోలయ్య కణాల్లో కొన్నిటిని గాజుగొట్టంలో కడిగి, వాటిని అడుగుకు దించే సెంట్రిఫ్యూజును చేత్తో తిప్పింది. రెండోసారి కడుగుతుండగా డాక్టరు గారే గుమ్మంలోకి వచ్చారు.

"నాడి అందడం లేదమ్మా. చెప్పు, ఇవ్వచ్చా?"

ఆమె మూడోసారి కడగలేదు. మందు వేసి, తిప్పి, వెలుతురులో పెట్టి చూసింది. గడ్డల్లేవు. "తీసుకోండి" అంది.

పోలయ్య చేతి నుంచి సీసా నిండింది. ల్యాబులో ప్రేమలీల కొంచెం తీరిగ్గా, అలవాటు కొద్దీ ఒక పని చేసింది. డి లేదని చెప్పిన గొట్టంలో, ముందే డి సీరం పట్టించి ఉంచిన, తప్పకుండా గడ్డకట్టే కణాలు ఒక చుక్క వేసి చూడమని వేలూరులో నేర్పారు. అవీ కట్టకపోతే మందు పనిచేయనట్టే, పరీక్ష చెల్లనట్టే. వేసి తిప్పింది. కట్టలేదు.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. చెప్పుల్లేకుండా వార్డులోకి పరిగెత్తింది. సీసా అప్పటికే స్టాండుకు వేలాడుతోంది, నర్సు రబ్బరు గొట్టాన్ని సూదికి తగిలిస్తోంది. ప్రేమలీల ఆ గొట్టాన్ని పిడికిట్లో నొక్కిపట్టింది.

"ఇది ఎక్కించొద్దు సార్. నేను సరిగా కడగలా. నాది తప్పు."

వార్డంతా ఆమె వైపే చూసింది. పోలయ్య చేతికి దూది అదుముకుని లేచాడు. "నా చెల్లెలికి నా రగతం పనికిరాదంటావా? ఇందాక నువ్వే గదమ్మా బాగుండాదంటివి."

"ఇందాక తొందరపడినానయ్యా. పది నిమిషాలు ఆగు."

ఆమె మళ్లీ ల్యాబులోకి పరిగెత్తింది. వెచ్చని నీళ్లలో మిగిలి ఉన్న పోలయ్య కణాలనే తీసి ఈసారి నాలుగుసార్లు కడిగింది. మందు వేసింది. మైక్రోస్కోపు కింద కణాలు నాలుగైదు చొప్పున చిన్న గుంపులుగా అంటుకుని ఉన్నాయి. డి తక్కువే, కానీ ఉంది.

డాక్టరు గారు కూడా చూశారు. "ఇంత కొంచెమే కదా. వేరే దారి లేదు. ఇచ్చేద్దామా?"

"కొంచెం ఉండేది ఒక్కో కణం మీద సార్. సీసాలో ప్రతి కణం మీదా ఆ కొంచెం ఉండాది."

ఆయన ఇంకో సెలైన్ సీసా తగిలించడానికి వెళ్లారు. ప్రేమలీల కిటికీలోంచి వరండా వైపు చూసింది. స్తంభానికి ఆనుకుని కామమ్మ తల్లి మాలకొండమ్మ కొడుకు కండువా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. కామమ్మకు తల్లీ తండ్రీ ఇద్దరి వైపు నుంచీ డి రాలేదు. పోలయ్యకు ఆ కాస్తా ఇద్దరిలో ఒకరి నుంచే వచ్చి ఉండాలి. అది చనిపోయిన తండ్రిదైతే, తల్లికి అసలే లేకపోవచ్చు. తల్లిదే అయితే, ఇంకెవరూ లేరు.

సూది పట్టుకుని దగ్గరికి వెళ్లేసరికి ముసలమ్మ అప్పటికే చెయ్యి చాపింది.

"దాన్ని కన్నదాన్ని నేను. నన్ను అడిగేదానికి ఇంతసేపా?"

ప్రేమలీలకు సిగ్గుతో తల వాలిపోయింది. గ్రూపు ఓ. పలక మీద చుక్క నున్నగా ఉంది. కానీ పోలయ్యదీ అలాగే ఉంది కదా. మిగిలిన ఆఖరి మందు వేసే ముందు ఈ కణాలనూ డి సీరంలో అరగంట వెచ్చబెట్టాలి. డాక్టరు గారు ఒకసారి గుమ్మం దాకా వచ్చి, ఆమె వీపు చూసి, తొందరపెట్టకుండా వెళ్లిపోయారు. అరగంట కాగానే నాలుగుసార్లు కడిగింది. మందుసీసా బోర్లించి చివరి రెండు చుక్కలూ రాల్చింది. తిప్పింది. మైక్రోస్కోపులో కణాలు విడివిడిగా, దేనికదే. ఒక్క గుంపూ లేదు.

నోటిదాకా వచ్చిన మాటను ఈసారి మింగింది. తప్పకుండా గడ్డకట్టే కణాలు ఒక చుక్క వేసి మళ్లీ తిప్పింది. గొట్టం అడుగున గడ్డలు కనబడేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే వెళ్లి, ఇవ్వచ్చని చెప్పింది.

ముసలమ్మ బక్కప్రాణం. డాక్టరు గారు సందేహిస్తూనే ఒక సీసా తీశారు. అది సగం ఎక్కేసరికి కామమ్మ నాడి వేళ్లకు అందింది. రక్తం ఆగడానికి సాయంత్రమైంది. తెప్పరిల్లగానే ఆమె మంచినీళ్లు అడిగింది.

ప్రేమలీల మజ్జిగ తీసుకుని మాలకొండమ్మ మంచం దగ్గరికి వెళ్లింది. కోపం తప్ప క్షమాపణ అలవాటు లేని మనిషి, మాటలు వెతుక్కుంది.

"మొదట నేను చెప్పినట్టు ఎక్కించి ఉంటే నీ కూతురు దక్కేది కాదమ్మా. అది నీకు తెలియాల."

ముసలమ్మ గ్లాసు అందుకుంది. మజ్జిగ సగం తాగి, మిగతాది ఆమెకే చాపింది.

"పొద్దుటి నుంచి నువ్వు గూడా ఏమీ తినలా. తాగు."